రెండో వరుసను పెంచిన మాస్టారు

(మూడో సంవత్సరం బి.ఎస్‌సి. విద్యార్థి)

ఈ ఏటి సంచికకు ఏదైనా ఒక వ్యాసం రాసిమ్మని సంపాదక వర్గం మిత్రులు అడిగినప్పుడు నేను కొంచెం తడబడ్డాను. నేను సైన్సు విద్యార్థిని. అందులోనూ సేద్యం చేసుకునే ఇంటివాణ్ణి. కవిత్వం నా చేతికి రాదు, కథ అల్లడం అంతకంటే రాదు. నాకు కొద్దో గొప్పో తెలిసిన విషయాలు రెండే. ఒకటి టమోటా నారు. రెండోది గోలు పోస్టు పక్కన ఊరికే కూర్చోవడం.

రెండోది అర్థం కాని మిత్రుల కోసం చెప్తాను. గత రెండేళ్ళుగా మన కళాశాల ఫుట్‌బాల్ జట్టులో నేను రెండో గోల్ కీపర్ని. అంటే జట్టుతో పాటు బస్సెక్కుతాను, జట్టుతో పాటు డ్రెస్ వేసుకుంటాను, జట్టుతో పాటు ఫోటోలో నిలబడతాను. ఆట మొదలయ్యేసరికి మాత్రం గీత బయట కూర్చుంటాను. మొదటి కీపర్‌కు ఏమీ కాకూడదని దేవుణ్ణి మొక్కుకుంటాను, ఏదైనా అయితే బాగుండునని మనసులో ఓ మూల అనుకుంటాను కూడా. ఈ రెండో మాట ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

పోయిన ఏడాది అంతర్ కళాశాలల పోటీల్లో నిజంగానే ఆ ముచ్చట జరిగింది. రెండో అర్ధభాగంలో మా కీపర్ కాలు మడత పడింది. నేను లోపలికి దిగాను. పది నిమిషాల్లో రెండు గోల్స్ నా చేతుల పక్క నుంచే పోయాయి. ఎవరూ నన్ను ఒక్క మాటా అనలేదు. అదే ఎక్కువ బాధ అనిపించింది. సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు, తిరిగి రాగానే జెర్సీ పీడీ సార్ చేతిలో పెట్టేసి చదువు చూసుకుందామని గట్టిగా అనుకున్నాను.

మాది సోమల. టమోటా మా ప్రాంతానికి బతుకు, ఒక్కోసారి చావు కూడా. ఇప్పుడు మా వైపు చాలామంది నర్సరీ నుంచి ట్రేలలో నారు కొని తెచ్చుకుంటారు. కావలసిన లెక్క వేసుకుని అంతే కొంటారు కొందరు. మా నాయన మాత్రం ప్రతిసారీ లెక్క కంటే ఒకటి రెండు ట్రేలు ఎక్కువే తెస్తాడు. వాటిని బోరు దగ్గర చెట్టు నీడలో పెట్టి, నాటిన కయ్యకు ఎంత శ్రద్ధగా నీళ్ళు కడతాడో వీటికీ అంత శ్రద్ధగా పోస్తాడు. వారం పది రోజుల్లో కయ్యలో ఎక్కడో ఒక మొక్క కుళ్ళుతుంది, ఇంకొకటి పురుగు కొరుకుతుంది. ఆ సందుల్లో ఈ మిగులు నారు నాటుతాడు. నీళ్ళు పోయకుండా వదిలేసిన నారు తెచ్చి సందులో పెడితే అది నిలవదు గదా. ఆ సంక్రాంతి సెలవుల్లో ఆ ట్రేలకు నీళ్ళు పోసే పని నాకే పడింది. పోస్తూ ఉండగా నాకొక సంగతి తోచింది. నేను ఆ రోజు విఫలమైంది ఆ పది నిమిషాల్లో కాదు, అంతకు ముందు రెండేళ్ళలో. ఎండిన నారునే సందులో పెట్టారు.

ఆ సెలవుల్లోనే నేను సయ్యద్ అబ్దుల్ రహీం గారి గురించి చదవడం మొదలు పెట్టాను. 2024లో ఆయన మీద హిందీలో మైదాన్ అనే సినిమా వచ్చాక ఈ పేరు మన తరం వాళ్ళకు కొంచెం తెలిసింది. అంతకు ముందు మన హాస్టల్లో ఎంతమందికి తెలుసు అని అడిగితే వేళ్ళ మీద లెక్క పెట్టవచ్చు. భారతదేశం ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ బంగారు పతకం గెలిచింది రెండే సార్లు, 1951లోనూ 1962లోనూ. ఆ రెండు సార్లూ జట్టును తయారు చేసిన గురువు ఈయనే. ఈయన మన హైదరాబాదు వాడు. వృత్తి రీత్యా బడి పంతులు.

రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదివారు. ఆ రోజుల్లో ఉస్మానియా పాత విద్యార్థులూ కొత్త విద్యార్థులూ కలిసి ఆడే జట్టు ఒకటి ఉండేది. ఆయన అందులో ఆడారు. తర్వాత ఖమర్ క్లబ్బు తరఫున స్థానిక లీగ్‌లో ఆడారు. అంటే ఆయన ఆట కూడా మన లాంటి ఒక కళాశాల మైదానంలోనే పెరిగింది. చదువు పూర్తయ్యాక ఉపాధ్యాయుడయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి బళ్ళలో పని చేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా సంపాదించి, పిల్లలకు ఆటలు నేర్పే బాధ్యత తీసుకున్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. పెద్ద క్లబ్బుల శిక్షకుడికి ఎదిగిన ఆటగాళ్ళు దొరుకుతారు. బడి మాస్టారుకు దొరికేది పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లలు. వాళ్ళలో ఒకడు బలంగా ఉంటాడు, ఒకడు రెక్క పట్టుకుంటే విరిగేలా ఉంటాడు. బలమున్న వాణ్ణి మాత్రమే ఆడిస్తే ఈ ఏడు గెలవచ్చు. రెండో వాణ్ణి కూడా ఆడిస్తేనే మూడేళ్ళ తర్వాత గెలవగలం. రహీం గారు చివరి దాకా ఈ మాస్టారు బుద్ధిని వదులుకోలేదని నాకనిపిస్తుంది.

1940ల తొలినాళ్ళలో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఆయన పెట్టించిన పోటీల గురించి చదివినప్పుడు నాకు భలే ముచ్చటేసింది. ఒకటి, బంతిని కాళ్ళతో తోసుకుంటూ పరుగెత్తడానికి వీల్లేని పోటీ. బంతి అందగానే ఇంకొకరికి ఇచ్చేయాలి. రెండోది, ఎవరికి ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే ఆడవలసిన పోటీ.

మన కళాశాల జట్టులో ఆడిన వారికి ఈ నియమాల కిటుకు వెంటనే అర్థమవుతుంది. డ్రిబ్లింగ్ వద్దంటే ఏమవుతుంది? మొనగాడు ఒక్కడే బంతిని పట్టుకుని మైదానమంతా తిరగలేడు. బంతి పదకొండు మందికీ అందుతుంది. నెమ్మదస్తుడికి కూడా ఆటలో భాగం దొరుకుతుంది. బంతి రాకముందే దాన్ని ఎవరికివ్వాలో చూసుకునే అలవాటు కళ్ళకు వస్తుంది. బలహీనమైన కాలితో ఆడమంటే మొదటి జట్టు వాడికీ రెండో జట్టు వాడికీ ఉన్న దూరం సగానికి తగ్గిపోతుంది. ఆ రోజుకు అందరూ కొత్తగా నేర్చుకునే వాళ్ళే. గీత బయట కూర్చున్న వాడికి ఇంతకంటే మంచి మందు ఇంకొకటి ఉండదు.

1950లో ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులయ్యారు. ఆ జట్టు చరిత్ర చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు గెలిచింది. 1950లో డ్యూరండ్ కప్పు కూడా తెచ్చింది. కలకత్తా జట్లదే రాజ్యమనుకునే కాలంలో ఇది చిన్న విషయం కాదు. ఐదేళ్ళంటే ఆటగాడి జీవితంలో సగం. అంతకాలం అవే మోకాళ్ళు, అవే ఊపిరితిత్తులు పని చేయవు. ఒకరు అలిసిపోయేసరికి ఇంకొకరు సిద్ధంగా ఉంటేనే అలాంటి వరుస సాధ్యం. సంతోష్ ట్రోఫీని కూడా హైదరాబాదు 1956లోనూ 1957లోనూ గెలిచింది. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, యూసుఫ్ ఖాన్ ఇలా ఒకరి వెనక ఒకరు ఆ నగరం నుంచి దేశం జట్టులోకి నడిచి వచ్చారు.

ఈ వరుసలో నా మనసుకు దగ్గరైన వాడు తులసీదాస్ బలరాం. సికింద్రాబాదు అమ్ముగూడ కుర్రవాడు, బీద కుటుంబం. రహీం గారి కంట పడ్డాక, శిక్షణ కోసం సికింద్రాబాదు నుంచి హైదరాబాదు దాకా రోజూ రావాలి. బస్సుకు డబ్బుల్లేవు. అద్దె సైకిలు మీద వచ్చేందుకు రహీం గారే చేతి నుంచి డబ్బిచ్చారట. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన జట్టులో బలరాం ఉన్నాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్ళు, అంటే ఇప్పటి నా వయసు. నాలుగేళ్ళ తర్వాత రోమ్ ఒలింపిక్స్‌లో మన జట్టు మొత్తం మూడు గోల్స్ వేస్తే అందులో రెండు బలరాంవే, ఒకటి హంగరీ మీద, ఒకటి పెరూ మీద. సైకిలు అద్దె ఎక్కడికి పోయిందో చూశారా!

దేశం జట్టుతో ఆయన ప్రయాణం పూలబాట కాదు. 1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచాం. గోల్ వేసింది మేవాలాల్, నాయకుడు శైలేన్ మన్నా. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడిపోయాం. ఆ చలిలో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఊరుకుంటే ఆ ఓటమితో ఏ శిక్షకుడి కథైనా ముగిసిపోవాలి. రహీం గారు ఇంటికి వచ్చి మళ్ళీ పిల్లల దగ్గరికే వెళ్ళారు. బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఐరోపాలో హంగరీ వాళ్ళు ఆడుతున్న కొత్త తీరును, ముందుండవలసిన సెంటర్ ఫార్వర్డ్ కొంచెం వెనక్కి తగ్గి ఎదుటి డిఫెండర్లను తికమక పెట్టే పద్ధతిని, శ్రద్ధగా గమనించి మన జట్టుకు నేర్పారు.

దాని ఫలితం మెల్బోర్న్‌లో కనిపించింది. 1956 నవంబరు 1న మన ఆంధ్రప్రదేశ్ అవతరించింది. సరిగ్గా మూడు వారాలకు అక్కడ ఒలింపిక్స్ మొదలయ్యాయి. డిసెంబరు 1న ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ వేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ వేసిన మొదటి ఆసియా వాడు అతనే. సెమీఫైనల్లో యుగోస్లావియా మీద ముందు గోల్ వేసింది మనమే, చివరికి 4-1తో ఓడాం. మూడో స్థానం కోసం బల్గేరియాతో 3-0తో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. నాలుగేళ్ళ కిందట పది గోల్స్ తిన్న దేశం ఒలింపిక్ సెమీఫైనల్ ఆడింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఇప్పటికీ మనకు అదే అత్యుత్తమ స్థానం.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న విషయానికి వస్తాను. ఈ రోజు మనం చూసే ఆటలో ఎవరికైనా దెబ్బ తగిలితే బయటి వాడు లోపలికి వస్తాడు. ఆ కాలంలో పెద్ద పోటీల్లో ఆ సౌకర్యం లేదు. ప్రపంచ కప్పులో కూడా సబ్‌స్టిట్యూట్ పద్ధతి 1970లోనే మొదలైంది. ఆట మొదలయ్యాక ఒకడు పడిపోతే మిగిలిన పదిమందే ఆడాలి. కాబట్టి రిజర్వు ఆటగాడి అవసరం మ్యాచ్ మధ్యలో రాదు, మ్యాచ్‌కు ముందు రాత్రే వస్తుంది. ఎవరెవరు ఎన్ని రకాల పనులు చేయగలరో గురువుకు ముందే తెలిసి ఉండాలి.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఈ పరీక్షే వచ్చింది. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియాతో 2-0తో ఓడాం. తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో గెలిచాం గానీ, ఆ ఆటలో మన మూల స్తంభమైన డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. జపాన్ మీద 2-0తో గెలిచి సెమీస్ చేరాం. రహీం గారు సెమీఫైనల్‌కు జర్నైల్‌ను డిఫెన్స్‌లో కాక ముందు, సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. చదువుకునే రోజుల్లో జర్నైల్ ఫార్వర్డ్‌గా ఆడేవాడని అంటారు. ఎప్పుడో ఆడిన ఆ ఆటను గురువు గుర్తు పెట్టుకున్నారు. అతను వదిలిన వెనక స్థానాన్ని అరుణ్ ఘోష్ తదితరులు నిలబెట్టారు. దక్షిణ వియత్నాంను 3-2తో గెలిచాం. జర్నైల్ గోల్ వేశాడు.

ఇక ఫైనల్. ప్రత్యర్థి మళ్ళీ దక్షిణ కొరియా. క్రీడల్లోకి ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ రానీయలేదన్న వివాదంలో ఒక భారత అధికారి చేసిన విమర్శ వల్ల అక్కడి ప్రేక్షకులు మన మీద మండిపడుతున్నారు. స్టేడియం నిండా జనం, అందరూ మనకు వ్యతిరేకం. ముందు మ్యాచ్‌లలో ప్రద్యుత్ బర్మన్ గోలు కాచాడు. ఫైనల్‌కు ఫ్లూ జ్వరం నుంచి తేరుకున్న పొడగరి పీటర్ థంగరాజ్‌ను దించారు. థంగరాజ్ కూడా హైదరాబాదులో పుట్టినవాడే. రెండో కీపర్నైన నాకు ఈ వివరం చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. ఒక కీపర్ జట్టును ఫైనల్ దాకా తీసుకొచ్చాడు, ఇంకొకడు ఆఖరి గడప దాటించాడు. ఇద్దరిలో ఎవరు మొదటి వాడు, ఎవరు రెండో వాడు? ఇద్దరూ సిద్ధంగా ఉన్నారు, అంతే.

1962 సెప్టెంబరు 4న ఆ ఆట జరిగింది. మొదటి ఇరవై నిమిషాల్లోనే పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి గోల్ వేశారు. కొరియా చివర్లో ఒకటి తిరిగి ఇచ్చింది. 2-1తో చునీ గోస్వామి నాయకత్వంలో మనకు బంగారు పతకం. ఆ తర్వాత ఇప్పటి దాకా మళ్ళీ రాలేదు.

అప్పటికే రహీం గారి ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ఉంది. ఆ జబ్బుతోనే జట్టును నడిపించారు. ఫైనల్ ముందు రాత్రి తన పిల్లల్ని పిలిచి ఆ పతకాన్ని తనకు కానుకగా ఇమ్మని అడిగారని ఆ ఆటగాళ్ళు తర్వాత చెప్పుకున్నారు. తొమ్మిది నెలలు గడిచాయి. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. వయసు యాభై మూడు. శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో మొదలైంది. అప్పటికి ఆయన పోయి ఇరవై రెండేళ్ళు.

పురస్కారం లేకపోయినా నారు మిగిలింది. ఆయన శిష్యుడు పి.కె. బెనర్జీ తర్వాత శిక్షకుడై 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మన జట్టుకు కాంస్యం తెచ్చిపెట్టాడు. ఆ జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్, అతనూ హైదరాబాదు వాడే.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఈ మొత్తం చరిత్రలో నన్ను పట్టి ఆపింది ఇదే. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో రహీం గారి కుమారుడు ఎస్.ఎస్. హకీం కూడా ఉన్నాడు. తండ్రి శిక్షకుడు, కొడుకు ఆటగాడు. మనవైపు అయితే ఏమవుతుందో వేరే చెప్పాలా? కానీ ఆ ఒలింపిక్స్‌లో హకీం ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. గీత బయటే కూర్చున్నాడు. ఆ తండ్రి ఆ రోజు రాత్రి కొడుకు ముఖం ఎలా చూశాడో నేను ఊహించలేను. మా నాయన అయితే బోరు దగ్గరికి పోయి మోటారు చూసే నెపంతో తెల్లవార్లూ అక్కడే ఉండేవాడు. హకీం మాత్రం ఆట వదిలిపెట్టలేదు. తర్వాత అంతర్జాతీయ రిఫరీ అయ్యాడు, శిక్షకుడయ్యాడు, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నాడు. 2021లో మరణించే దాకా ఫుట్‌బాల్ మనిషిగానే ఉన్నాడు.

సంక్రాంతి తర్వాత నేను జెర్సీ తిరిగి ఇవ్వలేదు. ఈ ఏడు మొదటి సంవత్సరంలో ఒక తమ్ముడు కొత్తగా కీపింగ్‌కు వచ్చాడు. సాయంత్రం అందరూ వెళ్ళాక మేమిద్దరం మసక పడేదాకా ఉంటాం. నేను తన్నుతాను, వాడు పడతాడు. తర్వాత వాడు తన్నుతాడు, నేను పడతాను. ఎడమ కాలితోనే తన్నాలని నియమం పెట్టుకున్నాం. మొదట్లో బంతి గోలుకు కాక క్యాంటీన్ వైపు పోయేది. ఇప్పుడు కొంచెం దారికి వచ్చింది. ఇదంతా వాడి కోసమే చేస్తున్నానని చెప్తే అబద్ధం. నా చేతులకు కూడా నీళ్ళు అందుతున్నాయి.

ఏప్రిల్‌తో నా చదువు ముగుస్తుంది. అంతలోపు ఒక్క పూర్తి మ్యాచ్ ఆడతానో లేదో చెప్పలేను. విద్యార్థి సంఘం పెద్దలకు మాత్రం ఈ సంచిక ద్వారా ఒక విన్నపం. కప్పులకూ ఫ్లెక్సీలకూ పెట్టే ఖర్చులో కొంత తీసి, ప్రతి ఏడూ రెండో జట్టు వాళ్ళకు, కొత్తగా వచ్చిన వాళ్ళకు హాస్టళ్ళ మధ్య ఒక చిన్న పోటీ పెట్టించండి. డ్రిబ్లింగ్ వద్దనండి. బలహీనమైన కాలితో ఆడమనండి. గెలిచిన వాళ్ళకు కప్పు ఇవ్వకపోయినా ఫర్వాలేదు, నాలుగు బంతులు ఇవ్వండి చాలు.

కయ్యలో ఎప్పుడు ఏ మొక్క పడిపోతుందో రైతుకు తెలియదు. పడిపోతుందని మాత్రం తెలుసు. అందుకే నీడలో ఉన్న ట్రేకు నీళ్ళు పోస్తాడు.